అట్ట కోయడం మానేసిన షావుకారు గారు

మా మందుల షావుకారు గారు పోయారు. మొన్న శుక్రవారం, పూర్తిగా తెల్లవారకముందే. నాకు మాత్రం ఎనిమిదిన్నర దాటాక తెలిసింది. అమ్మాయి మందుల చీటీ జేబులో పెట్టుకుని కాలవ గట్టు వెంబడి వెళ్ళేసరికి షాపు షట్టరు దించి ఉంది. పక్కనే ఇడ్లీలు అమ్మే ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చి, "మీకు తెలీదాండి? షావుకారు గారు పోయారండి. నిద్దట్లోనే గుండె ఆగిపోయిందంట" అంది.

ముప్ఫయ్యేళ్ళ స్నేహం. వినగానే కళ్ళు తిరిగాయనో, కాళ్ళు తడబడ్డాయనో రాసుకుంటే బాగానే ఉంటుంది గానీ అలా జరగలేదు. నా బుర్రలోకి వచ్చిన మొదటి మాట, "మరి అమ్మాయి మాత్రలు?" అని. పైకి అనలేదు. ఆవిడ నా మొహం చూసి ఏమనుకుందో, "ఇంటి దగ్గరే ఉంచారండి. ముందెళ్ళి చూసి రండి" అంది. ఆ "ముందు" అన్న మాటకి సిగ్గేసింది. ఈ నాలుగు ముక్కలూ ఆ సిగ్గుతోనే రాస్తున్నాను.

షావుకారు అనగానే పెద్ద మేడా, ఇనప్పెట్టే ఊహించుకోకండి. రెండు మంచాలు పట్టేంత షాపు. కాకినాడలో మందుల చదువు చదివి వచ్చి, వాళ్ళ నాన్న నడిపిన కిరాణా కొట్లో సగానికి గోడ కట్టించి మందుల షాపు పెట్టారు. షావుకారు అన్న పేరు తండ్రి నుంచి వచ్చింది, వదల్లేదు. కొత్తవాళ్ళు ఎవరైనా "డాక్టరు గారండీ" అంటే ఒప్పుకునేవారు కాదు. "నేను డాక్టర్ని కాదండి. డాక్టర్ రాసింది చదవగలిగిన వాణ్ణి. చుట్టుపక్కల అదే పెద్ద చదువు" అనేవారు.

నేను కాలవ మీద లస్కరుగా చేసి రిటైరైన వాణ్ణి. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. గేట్లు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా చూడటం, తన వంతు కాని రోజున తూము తెరుచుకున్న రైతుని పట్టుకోవడం, ఆ రైతు బంధువైతే పట్టుకోనట్టు నటించడం, ఇదీ లస్కరు ఉద్యోగం. నా బడి చదువు ఐదో తరగతి. మిగిలినదంతా షావుకారు గారి షాపు బల్ల మీద జరిగింది. మందు డబ్బాల్లో సన్నటి అక్షరాలతో మడతలు పెట్టిన కాగితాలు వస్తాయి చూడండి, అవి ఆయన పారేయకుండా నా కోసం దాచేవారు. డిక్షనరీ ఒకటి పట్టుకొచ్చి, సాయంత్రాలు ఆ కాగితాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. నాకు మొట్టమొదట కంఠతా వచ్చిన ఇంగ్లీషు వాక్యం "కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్". ఒక పెళ్ళిలో పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి నాతో ఇంగ్లీషు మాట్లాడబోతే ఈ వాక్యమే అప్పజెప్పాను. ఆయన మళ్ళీ నా జోలికి రాలేదు.

అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయికి కిడ్నీ మార్చి నాలుగేళ్ళు దాటింది. ఇచ్చింది వాళ్ళమ్మ. ఇంట్లో కూర్చుని మగ్గం వర్కు చేసుకుంటుంది అమ్మాయి. ఒంట్లోకి వచ్చిన కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా, ఒంటికి ఉండే పౌరుషాన్ని అణిచిపెట్టే మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఆ పౌరుషం తగ్గాక మూతి పేలడం మొదలైంది. ముందు పెదవి అంచున చిమచిమ. మర్నాటికి ఎర్రబడుతుంది. ఆ పైన సన్నటి నీటి పొక్కులు గుత్తుగా వచ్చి, చిట్లి, పక్కు కడతాయి. రెండు మూడు నెలలకొకసారి ఇదే వరస.

మా వైపు మూతి పేలితే ఒక్కటే మాట, వేడి చేసింది అంటారు. మా ఆవిడైతే ఏ రోజు ఏం తిన్నదో వేళ్ళ మీద చెప్పి, ఆవకాయ దగ్గర ఆగేది. సబ్జా నీళ్ళు, బార్లీ, పెదాలకి వెన్న. ఒకరోజు షావుకారు గారే చెప్పారు.

"వేడి కాదు చెల్లెమ్మా. ఇది వైరస్సు. మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి, నరంలో ముడుచుకు పడుకుంటుంది. జ్వరమో, ఎండో, దిగులో వచ్చి లేపుతుంది."

"అయితే ఆవకాయ తినొచ్చా అన్నయ్య గారూ?"

"తినొద్దు. అది కిడ్నీకి. ఉప్పు."

"మరి నేను చెప్పిందీ అదేగా!" అని మా ఆవిడ గెలిచినట్టే ఇంటికి వచ్చింది.

ఆసుపత్రిలో ఎసైక్లోవిర్ మాత్రలు రాశారు. రోజుకి ఇన్నిసార్లు, ఇన్ని రోజులు అని. మొదట్లో ఆ మాత్ర మంత్రంలా పనిచేసింది. మూడో రోజుకల్లా పక్కు కట్టేసేది. ఇక్కడే నా తెలివి మొదలైంది. పక్కు కట్టాక ఇంకా మాత్రలెందుకు? కిడ్నీ పిల్ల కదా, ఒంట్లోకి మందు ఎంత తక్కువ పోతే అంత మంచిదనుకుని నేనే ఆపించేవాణ్ణి. మిగిలినవి ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాణ్ణి. మళ్ళీ చిమచిమలాడితే వాటిలోంచి రెండు. చాలకపోతే షాపుకెళ్ళి ఇంకో నాలుగు. పొలం మందు డబ్బాలో మిగిలితే మూత బిగించి వచ్చే పంటకి దాచుకునే మనుషులం మేము. ఒంటి మందుకీ అదే అలవాటు.

షావుకారు గారు కత్తెరతో మాత్రల అట్ట కోసి నాలుగు మాత్రలు చేతిలో పెట్టేవారు. పెడుతూ అడిగేవారు, "పోయినసారి కోర్సు పూర్తి చేశారా లస్కరు గారూ?" అని.

"ఆయ్, చేసేశామండి" అనేవాణ్ణి. నేను మందు కాగితాలు చదివినవాణ్ణి కదా, నన్ను నమ్మారు.

కిందటి వర్షాకాలంలో మూతి పేలింది. ఈసారి మూడో రోజుకి పక్కు కట్టలేదు. ఐదో రోజుకి పొక్కులు గెడ్డం దాకా దిగాయి. మొదటిసారిగా పూర్తి కోర్సు వేశాం, ఒక్క మాత్ర తప్పకుండా. పదో రోజుకి నోటి లోపల పుండ్లు. ఆసుపత్రిలో మోతాదు పెంచారు, అదే జాతిలో ఇంకో మాత్రకి మార్చారు. ఏమీ కదల్లేదు. అమ్మాయి అన్నం మానేసింది, ఆ తరవాత మజ్జిగ. నీళ్ళు గుటక వేయడానికి కళ్ళు మూసుకుని, రెండు చేతులతో మంచం పట్టె పట్టుకునేది. కిడ్నీ మార్చిన మనిషి నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. గ్లాసులో నీళ్ళు ఎంత తగ్గాయో, నేనొకసారీ మా ఆవిడొకసారీ, ఒకరికి తెలియకుండా ఒకరం వెళ్ళి చూసుకునేవాళ్ళం.

ఆ రోజుల్లోనే షావుకారు గారు నన్ను ఆపి, "ఇంట్లో ఉన్న ఈ మాత్రల అట్టలన్నీ పట్టుకురండి. ఒక్కటీ వదలొద్దు" అన్నారు. బిస్కెట్ల డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద బోర్లించాను. రెండు మాత్రలున్న ముక్కలు, మూడున్నవి, ఒక్కటే ఉన్నవి, పేరు సగం తెగిపోయినవి. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి జరుపుకుని ఆ ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. చాలాసేపు పేర్చారు. ఇద్దరు ఖాతాదారులు వచ్చి, చూసి, ఏమనుకున్నారో వెళ్ళిపోయారు.

"ఇవన్నీ మిగిలినవా?"

"అవునండి."

"పూర్తి చేశామన్నారు కదండి నాతో?"

ఆయన తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. ఒక ముక్క తీసి, కోసిన అంచుని వేలితో తడిమారు. "ఈ కత్తెర నాదే. మీరు నాలుగడిగితే నాలుగు ఇచ్చాను. చీటీ చూసి పూర్తిగా తీసుకెళ్ళమని ఒక్కనాడూ పట్టుబట్టలేదు. కిడ్నీ పిల్లని తెలిసి కూడా" అన్నారు.

తరవాత ఆయన చెప్పింది ఎంతమంది డాక్టర్లు చెప్పినా నాకు అంత బాగా అర్థమయ్యేది కాదు.

"వరి చేలో మొన్నటిదాకా ఒక్క పిచికారీకి చచ్చిన సుడిదోమ ఇప్పుడెందుకు చావట్లేదు లస్కరు గారూ?"

"మందు అలవాటైపోయిందండి."

"దోమకి అలవాటవడానికి అదేమన్నా కాఫీనా? నీళ్ళెక్కువ, మందు తక్కువ కలిపి కొట్టారు. లొంగేవి చచ్చాయి. లొంగనివి నాలుగు మిగిలాయి. ఇప్పుడు చేనంతా ఆ నాలుగింటి సంతానం. ఇదీ అంతే అయ్యుంటుంది."

"మరి నాకూ పేలుతుంది కదండి. నేనూ సగమే వేసుకుంటాను. నాకేం కాలేదే?"

"మీ చేలో కప్పలున్నాయి, సాలీళ్ళున్నాయి. మిగిలిన నాలుగింటినీ అవి తినేస్తాయి. అమ్మాయి ఒంట్లో ఆ కాపలా వాళ్ళని మనమే మాత్రలేసి పడుకోబెట్టాం, కిడ్నీ కోసం."

మర్నాడు ఆయన షాపు మూసి మాతో రాజమండ్రి వచ్చారు. పెళ్ళిళ్ళకి కూడా మధ్యాహ్నం దాకా షాపు తీసి ఉంచే మనిషి. ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కూర్చుని, మేము నోరు తెరవకముందే, "మాత్రలు సగం సగం వాడారండి. ఇచ్చింది నేనే. మీకు ఈ సంగతి తెలిస్తే వైద్యం మారుతుందేమోనని వచ్చాను" అన్నారు. ఆ అట్ట ముక్కలన్నీ కవర్లో పెట్టి తెచ్చారు. డాక్టరమ్మ చిన్న వయసుది. ఆ కవరు చూసి కోప్పడలేదు. "పూర్తిగా వాడినవాళ్ళకీ ఇలాంటి రోగుల్లో ఇది రావచ్చండి. దీనివల్లే అని చెప్పలేను. మంచి మాత్రం చేసి ఉండదు" అంది. ఆ చివరి మాట నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పుండులోంచి నమూనా తీసి దూరంగా ఉన్న ల్యాబుకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగేలా లేదు అమ్మాయి పరిస్థితి. ఇంకో మందు ఉంది, ఫోస్కార్నెట్. నరంలోకి ఎక్కించాలి. పొక్కుల్ని తగ్గించే అవకాశం ఉంది, కిడ్నీని దెబ్బతీసే ప్రమాదమూ ఉంది. దాంతోపాటు ఒంటి పౌరుషాన్ని అణిచే మాత్రలు కొంచెం తగ్గిస్తారు. అలా తగ్గిస్తే ఒళ్ళు కిడ్నీ మీద తిరగబడొచ్చు. ఎటు చూసినా ఆ కిడ్నీయే.

డాక్టరమ్మ మా ఇద్దరి వైపూ చూసింది. మా ఆవిడ కొంగు సర్దుకుని, "ఎక్కించండమ్మా. ఆ కిడ్నీ నాది. నలభై ఎనిమిదేళ్ళు నాతో వేగింది, ఏమీ కాదు దానికి" అంది. అమ్మాయి నవ్వబోయి, పెదవి చిట్లి, చేత్తో మూతి మూసుకుంది.

ఆ మందు రాజమండ్రిలో దొరకలేదు. షావుకారు గారు ఆసుపత్రి వరండాలో నిలబడి తెలిసిన హోల్‌సేలు వాళ్ళందరికీ ఫోన్లు చేశారు. విజయవాడలో లేదు. హైదరాబాదులో రేపంటున్నారు. చెన్నైలో ఒకాయన దగ్గర ఉందన్నారు. అది వచ్చేదాకా ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజూ మేము ముగ్గురం ఏం మాట్లాడుకున్నామో చెబితే మీరు నమ్మరు. కోరుకొండ గుడి మెట్ల గురించి మాట్లాడుకున్నాం. అమ్మాయికి నయమైతే ఆ మెట్లన్నీ ఎక్కి స్వామిని చూస్తానని మా ఆవిడ మొక్కుకుంది. ఆ మెట్లు నిటారుగా ఉంటాయని షావుకారు గారి భయం. "స్వామి ఎక్కడికీ వెళ్ళడు చెల్లెమ్మా. మోకాళ్ళు వెళ్ళిపోతాయి. కింద నుంచి దండం పెట్టు, ఆయనకి చూపు బాగానే ఉంది" అంటారు. "మీరు మందులే అమ్ముకోండి అన్నయ్య గారూ, మొక్కులు నాకొదిలేయండి" అని ఆవిడ.

మందు ఎక్కించడం మొదలైన రెండో రోజు మధ్యాహ్నం అమ్మాయి ఉన్నట్టుండి, "నాన్నా, మూతి చుట్టూ చిమచిమ" అంది. మందు ఎక్కుతుండగానే మళ్ళీ కొత్తవి లేస్తున్నాయనుకున్నాను. నర్సు కోసం వరండా చివరి దాకా పరిగెత్తాను, ఈ వయసులో, ఒక చెప్పు మంచం కిందే వదిలేసి. నర్సు వచ్చి చూసి, ఆ మందు ఒంట్లో కాల్షియాన్ని లాగేస్తుందనీ దానివల్ల కూడా మూతి చుట్టూ చిమచిమలాడుతుందనీ చెప్పి, డాక్టరమ్మని పిలిచి, ఎక్కించే వేగం తగ్గించింది. జబ్బుకీ మందుకీ ఒకటే గుర్తు పెట్టిన ఆ దేవుణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు. మా ఆవిడ దగ్గర మాత్రం ఏమీ అనలేదు, మొక్కు ఉంది కదా.

రోజూ పొద్దున్నే రక్తం తీసుకుని కిడ్నీ అంకె చెప్పేవారు. క్రియాటినిన్ అంటారు. ఆ అంకె పెరిగితే కిడ్నీ నలుగుతున్నట్టు. షావుకారు గారి దగ్గర నుంచి ఆ వేళకే ఫోను. పలకరింపు లేదు, కుశలం లేదు. "ఎంతొచ్చింది?" చెప్పేవాణ్ణి. "పెరిగింది." "ఊఁ. సెలైను పెడుతున్నారా?" "పెడుతున్నారు." "సరే." రెండో వారంలో నోట్లో పుండ్లు మానడం మొదలైంది. అంకె ఇంకా పెరుగుతూనే ఉంది. పుండ్లు ముందు మానతాయో, కిడ్నీ ముందు ఆగిపోతుందో తెలియక మేము ఆ రెండింటి మధ్యా కూర్చున్నాం. చివరికి పుండ్లు మానాయి. అంకె తగ్గింది, కానీ పాత చోటికి రాలేదు. కొంచెం పైనే ఆగిపోయింది. "దీంతో నెట్టుకురావచ్చు, ఇంకోసారి మాత్రం ఈ కిడ్నీ ఇంత దెబ్బ తట్టుకుంటుందని చెప్పలేను" అంది డాక్టరమ్మ. ల్యాబు ఫలితం కూడా అప్పుడే వచ్చింది. ఆ వైరస్సు మామూలు మాత్రకి లొంగని రకమే.

"మళ్ళీ పేలితే?" అని అడిగాను.

"నరంలో పడుకుని ఉన్నది పాత రకమైతే మాత్రకి లొంగుతుంది. ఈ రకం కూడా అక్కడికి చేరి ఉంటే లొంగదు. లేచేదాకా ఏదో తెలియదండి" అంది.

ఊరికి వచ్చాక షావుకారు గారు మారిపోయారు. కోర్సుగా వాడాల్సిన మందులకి కత్తెర పట్టడం మానేశారు. చీటీలో ఎన్ని రాస్తే అన్నీ తీసుకెళ్ళాలి. రెండో వారం ఖాళీ అట్ట తెచ్చి చూపించాలి. చూపించకపోతే ఇంటికి ఫోను చేసేవారు. ఊళ్ళో నవ్వుకున్నారు. "రెండు మాత్రలివ్వండి చాలు అంటే కుదరదంటాడేంటండి? చాదస్తం ముదిరింది" అని కొంతమంది వంతెన అవతల షాపుకి మారిపోయారు. ఆయన పట్టించుకోలేదు. నాతో మాత్రం ఒకసారి, "మిగలబెట్టుకున్న మాత్రని చూస్తే నాకు మీ అమ్మాయి గెడ్డం గుర్తొస్తుంది లస్కరు గారూ. అందుకే మిగలనివ్వను" అన్నారు. పెద్ద మాటలు చెప్పే మనిషి కాదు. నాకు తెలిసి ఆయన అన్న పెద్ద మాట అదే.

ఆయన తప్పు ఎంత, నా తప్పు ఎంత అని నేను చాలాసార్లు పంచి చూశాను. ఎలా పంచినా నా వాటాయే ఎక్కువ వస్తుంది. అబద్ధం చెప్పింది నేను. నా వాటా కూడా కలిపి డాక్టరమ్మ ముందు తన మీద వేసుకున్నది ఆయన. ఇన్నాళ్ళలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేనూ క్షమాపణ అడగలేదు. రేపు అడుగుదాం అనుకునే రకం నేను. శుక్రవారం దాకా అలాగే అనుకున్నాను.

ఆయన ఇంటికి వెళ్ళాను. వసారాలో పడుకోబెట్టారు. వాళ్ళావిడ నన్ను చూడగానే, "నిన్న సాయంత్రం కూడా అడిగారండి, లస్కరు గారి అమ్మాయికి వానాకాలం నుంచీ పేలలేదు కదా అని" అంది. ఏం చెప్పాలి? "లేదమ్మా, పేలలేదు" అన్నాను. అప్పుడు వచ్చాయి కళ్ళలో నీళ్ళు. అమ్మాయి మాత్రల చీటీ ఇంకా జేబులోనే ఉంది. వంతెన అవతల షాపులో కొన్నాను. ఆ కుర్రాడు, "అన్నీ కావాలాండి, కొన్ని ఇమ్మంటారా?" అన్నాడు. "అన్నీ" అన్నాను.

ఇది నాలుగు రోజుల కిందటి మాట. ఈ పొద్దున అమ్మాయి పళ్ళు తోముకుంటూ ఆగిపోయింది. వచ్చి మా ఇద్దరి ముందూ నిలబడి, "ఎడమ పక్క ఏదో చిమచిమలా ఉంది. అలా చూడకండి, ఏమీ కాకపోవచ్చు" అంది. ఆసుపత్రికి ఫోను చేశాం. రాసి ఉంచిన మాత్ర ఇప్పుడే మొదలుపెట్టమన్నారు, రేపు తీసుకురమ్మన్నారు. మాత్ర వేసుకుంది. ఎంతొచ్చిందని అడగడానికి ఎవరూ ఫోను చెయ్యరు.

మా ఆవిడ అమ్మాయిని గుమ్మంలోకి, వెలుతురులోకి తీసుకొచ్చింది. గెడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తింది, పెదవికి చెయ్యి తగలకుండా. నేను కళ్ళజోడు పెట్టుకుని వెనక నుంచి వంగాను.

"ఎర్రగా ఉందాండీ?"

"ఎండ పడుతోంది. తెలియట్లేదు."

"నీడకి జరుగు తల్లీ, కొంచెం."

అమ్మాయి ఒక అడుగు పక్కకి వేసి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ మొహం ఎత్తింది.